పనియు మనస్సును



ఒకే చేలో ఒకే కూలికి నాట్లు వేయు ఇద్దరు స్త్రీలను చూడుడు. వయస్సునందును నేర్పునందును వారికి భేదము లేదు. సాయంకాలమున ఒకతె "నేడు మడి యంతయు నాటితిమి" అని ఉల్లాసముతో ఇల్లు చేరును. రెండవ యామె "ఈ దినమునకు గడచినది" అని నిట్టూర్చుచు చేరును. ఒకే బడిలో ఒకే జీతమునకు పాఠములు చెప్పు ఇద్దరు ఉపాధ్యాయులయందును, ఒకే పంచాయతీలో వీధులూడ్చు ఇద్దరు పనివారియందును, పట్టణమున ఒకే కార్యాలయములో కూర్చుండు ఇద్దరు యువకులయందును ఈ భేదమే కనబడును. పని యొకటే, ప్రతిఫల మొకటే, తృప్తి మాత్రము వేఱు. ఈ భేద మెచ్చటినుండి వచ్చుచున్నది?

దీనికి మనము సామాన్యముగా చెప్పు సమాధానము "వాని బుద్ధి యట్టిది" అని. అందులో సగము నిజమున్నది. మిగిలిన సగమును తెలిసికొనుటకై గడచిన నూఱేండ్లలో పలుదేశముల పండితులు కర్మాగారములలోను, ఆస్పత్రులలోను, కార్యాలయములలోను పరిశోధనలు చేసిరి. వారు కనుగొన్న సంగతులు పల్లెటూరి పెద్దలకును ఉపయోగించునవియే. ఏలయన, ఊరిలో పని చేయించువారును, కూలి తగవులు తీర్చువారును, పిల్లలకు "ఈ యుద్యోగములో చేరుము, ఆ యుద్యోగము వలదు" అని చెప్పువారును మీరే కదా.

మొదట రెండు మాటల యర్థమును స్పష్టము చేసికొందము. ఒకటి విలువ. రెండవది మనోవైఖరి.

విలువ యనగా ఇచ్చట వెల కాదు. మనుష్యుడు దేనిని గొప్పదిగా నెంచి, దానికొఱకు తక్కిన వానిని వదలుకొనుటకు సిద్ధపడునో అది వాని విలువ. ఒకనికి ఇచ్చిన మాట గొప్పది. ఒకనికి తనవారి క్షేమము గొప్పది. ఒకనికి పదిమందిలో గౌరవము, మఱియొకనికి ఎవరి చేతిక్రిందను లేకుండుట. ఇట్టి విలువలను మనము చిన్నతనమున తల్లిదండ్రులను చూచి, ఇరుగుపొరుగును చూచి, బడిలోను గుడిలోను నేర్చుకొందుము. అవి కొలదిగానే యుండును. వెంటనే మాఱవు.

అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మిల్టన్ రొకీచ్ 1973లో ఈ విషయమై ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన విలువలను రెండు తెగలుగా విభజించెను. శాంతి, స్వేచ్ఛ, కుటుంబ క్షేమము, ఆత్మగౌరవము మొదలగునవి మనుష్యుడు చేరగోరు గమ్యములు. నిజాయితీ, ధైర్యము, విధేయత, బాధ్యత మొదలగునవి అచ్చటికి చేరుటకు నడచు మార్గములు. తెగ కొక్కొక్కటికి 18 చొప్పున పట్టిక వ్రాసి, వానిని ముఖ్యమైనవి ముందుగా వరుస పెట్టుడని ఆయన జనులను కోరెను. ఈ పద్ధతిలో గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. ఇంచుమించుగా అందఱును అన్ని విలువలను మంచివనియే యొప్పుకొందురు. భేదము వరుసలో నున్నది.

ఈ వరుస భేదమే పల్లెలలో అనేక తగవులకు మూలము. కోతల సమయమున పాలేరు రెండు దినములు రాలేదు. చెల్లెలి యత్తవారింట శుభకార్యమునకు పోయినాడు. యజమాని "వీనికి బాధ్యత లేదు" అనును. పాలేరు "ఈయనకు మనుష్యత్వము లేదు" అనుకొనును. ఇద్దఱికిని రెండు విలువలును కలవు. యజమాని వరుసలో పని మొదటిది, బంధుత్వము రెండవది. పాలేరు వరుసలో అవి తాఱుమాఱైనవి. ఈ సంగతి తెలిసిన పెద్ద తీర్పు చెప్పునపుడు ఎవనిని చెడ్డవానిగా జేయడు. కోతల సమయమునకు ముందుగానే సెలవు దినముల నొప్పందము చేసికొమ్మని యిద్దఱికిని చెప్పును.

ఇక మనోవైఖరి. ఇది యొక ప్రత్యేక వస్తువునెడల, మనుష్యునియెడల, పనియెడల మన మనస్సు మొగ్గు చూపు తీరు. విలువలు కొలదిగా నుండగా, మనోవైఖరులు వేలకొలదిగా నుండును. ఇందులో మూడు పోగులు కలవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మొదటిది తలంపు, రెండవది భావము, మూడవది చేయుటకు సిద్ధత. మరమగ్గమును చూచిన చేనేతవాని మనస్సు తీసికొనుడు. "ఇది వచ్చినచో నాకు పని యుండదు" అనునది తలంపు. భయమును కోపమును భావములు. "దీనిని నేను ముట్టను" అనునది సిద్ధత. ఈ మూడును పెనవేసికొని యున్నవి. కావుననే "నీ తలంపు తప్పు" అని ఎన్ని లెక్కలు చూపినను భయము పోనంతవఱకు వాని వైఖరి మాఱదు.

మనస్సులో నున్నదే నడవడిలోనికి వచ్చునని మనము నమ్ముదుము. ఎల్లప్పుడు నట్లు జరుగదు. అమెరికాలో చీనావారియెడల ద్వేషము బలముగా నున్న కాలమున, 1930 మొదలుకొని, లాపియేర్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఒక చీనా దంపతులను వెంటబెట్టుకొని ఆ దేశమున చాలదూరము ప్రయాణము చేసెను. వారు మొత్తము 251 బసలకును భోజనశాలలకును పోయిరి. ఒక్కచోట మాత్రమే వారిని రానీయలేదు. కొన్ని నెలల పిమ్మట ఆయన ఆ యజమానులకే జాబులు వ్రాసి, "మీరు చీనావారిని చేర్చుకొందురా?" అని యడిగెను. బదులు వ్రాసినవారిలో నూటికి తొంబదిమందికి పైగా "చేర్చుకొనము" అని వ్రాసిరి. ఈ వృత్తాంతము 1934లో ప్రకటితమైనది. కాగితముమీద నున్న ద్వేషము, మర్యాదగా దుస్తులు ధరించి నవ్వుచు నెదుట నిలచిన మనుష్యులను చూచినపుడు పనిచేయలేదు. నోటిమాట వేఱు, సందర్భము వేఱు. కావున "నేను ఆ ముఠాతో కలిసి పని చేయను" అని ఒకడు రచ్చబండ దగ్గఱ అన్నంతమాత్రమున అదియే వాని తుదిమాట యనుకొనరాదు. నలుగురితో కలిపి ఒక దినము చేలోనికి పంపి చూడవలెను.

దీనికి ఎదురైన సంగతియు నొకటి కలదు. మనస్సు నడవడిని మార్చునట్లే నడవడియు మనస్సును మార్చును. లియాన్ ఫెస్టింజర్ అను శాస్త్రజ్ఞుడు 1957లో ఒక సిద్ధాంతము ప్రతిపాదించెను. మనుష్యుడు తాను చేసిన పనికిని తన తలంపునకును పొత్తు లేకున్న సహింపలేడు. చేసిన పనిని వెనుకకు తీసికొన వీలుకాదు గనుక తలంపును దిద్దుకొనును. దీనిని పరీక్షించుటకై ఆయనయు కార్ల్‌స్మిత్ అను నాయన సహచరుడును 1959లో విద్యార్థులచేత గంటసేపు మిక్కిలి విసుగు పుట్టించు పని చేయించిరి. కండెలను పళ్లెములో పెట్టుట, తీయుట, మరల పెట్టుట. పిమ్మట బయట వేచియున్న వారితో "ఈ పని చాల సరదాగా నున్నది" అని చెప్పుమని కోరి, కొందఱికి ఒక డాలరును, కొందఱికి 20 డాలర్లును ఇచ్చిరి. తరువాత నిజముగా పని యెట్లుండెనని యడుగగా, ఎక్కువ సొమ్ము తీసికొన్నవారు "విసుగే" అనిరి. ఒక్క డాలరు తీసికొన్నవారు "అంత చెడ్డది కాదు, బాగుగనే యుండెను" అనిరి. పెద్ద సొమ్ము పుచ్చుకొన్నవానికి తన యబద్ధమునకు కారణము చేతిలోనే యున్నది. చిన్న సొమ్ము పుచ్చుకొన్నవానికి అట్టి కారణము లేదు. అందుచేత వాని మనస్సే మెల్లగా జరిగినది.

దీనినిబట్టి కూలి తగ్గించిన పని యిష్టమగునని యెవరును తలంపరాదు. అది గంటసేపు జరిగిన పరీక్ష, కడుపు నింపు కూలి కాదు. గ్రహింపవలసిన దేమనగా, బలవంతముచేతను ఆశచేతను చేయించిన పని మనస్సున నాటుకొనదు. తన యిష్టముతో పూనుకొన్నది నాటుకొనును. ఊరివారు తామే నిశ్చయించుకొని తీసిన కాలువను తరువాత తామే కాపాడుకొందురు. పైనుండి వచ్చిన ఉత్తరువుతో తీసిన కాలువ పూడినను "అది సర్కారుది" అని చూచి యూరకుందురు.

ఇక కర్మాగారములకు పోదము. చికాగో నగరమునకు ప్రక్కనే సిసెరో అను పట్టణమున వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారముండెడిది. అచ్చట టెలిఫోను పరికరములు తయారగుచుండెను. దీపముల వెలుతురు పెంచినచో పని పెరుగునా యను ప్రశ్నతో 1924లో అచ్చట పరిశోధనలు మొదలైనవి. వెలుతురు పెంచినచోటను పని పెరిగెను, పెంచనిచోటను పెరిగెను. దీనికి కారణము తెలియక, 1927లో ఐదుగురు స్త్రీలను వేఱొక గదిలో కూర్చుండబెట్టి, విశ్రాంతి సమయములను, పని గంటలను మార్చుచు ఏండ్ల తరబడి లెక్కలు వ్రాసిరి. ఏ మార్పు చేసినను మొత్తముమీద పని పెరుగుచునే వచ్చెను. తమ్ము అడిగి మార్పులు చేయుచున్నారనియు, తమ్ము మనుష్యులుగా చూచుచున్నారనియు ఆ స్త్రీలకు కలిగిన భావమే దీనికి కారణమని ఎల్టన్ మేయో ప్రభృతులు చెప్పిరి.

తరువాతి పండితులు ఈ తీర్మానమును గట్టిగా విమర్శించిరి. ఆ గదిలోని వారికి కూలి లెక్క మాఱినది. పూర్వము పెద్ద సమూహముతో కలిపి లెక్కించెడివారు, ఇప్పుడు తమ చిన్న సమూహముతో మాత్రమే లెక్కించిరి. అనగా తమ శ్రమ ఫలితము తమకే వచ్చును. మఱియు పరిశోధకుల కనుకూలముగా లేని ఇద్దఱిని 1928లో తీసివేసి వేఱువారిని పెట్టిరి. కావున ఆదరముతోనే అంతయు జరిగిన దనుట సరికాదు. ఆదరమును కలదు, న్యాయమైన కూలి లెక్కయు కలదు. రెండింటిని విడదీసి చూడరాదు.

అదే కర్మాగారమున 1931, 1932 సంవత్సరములలో 14 మంది పురుషులున్న మఱియొక గదిని గమనించిరి. ఇచ్చట వేఱు కథ నడచెను. ఎక్కువ పని చేసిన ఎక్కువ కూలి వచ్చునట్లు ఏర్పాటున్నను వారెవరును ఎక్కువ చేయలేదు. దినమునకు ఇంత పని చాలునని వారిలో వారే యొక కట్టుబాటు చేసికొనిరి. దానిని మించి చేసినవానిని ఎగతాళి చేసిరి, భుజముమీద గ్రుద్దిరి. మిక్కిలి తక్కువ చేసినవానిని ఇతరుల కష్టము తినువాడనిరి. తోటివానిపై పైవారికి చాడీ చెప్పినవానిని వెలివేసినట్లు చూచిరి. ఎక్కువ చేసినచో యజమానులు కూలిరేటు తగ్గింతురనియు, కొందఱికి పని పోవుననియు వారి భయము. ఆ కాలమున అమెరికాలో ఘోరమైన ఆర్థికమాంద్యమున్నది గనుక ఆ భయమును తేలికగా తీసివేయరాదు. చూచితిరా, సోమరితనముగా కనబడిన దానిలో తోటివానికి ద్రోహము చేయరాదను విలువ దాగియున్నది. మన యూళ్లలో కూలివారందఱు ఒకే వేగమున కలుపు తీయుచున్నప్పుడు, "వీరు కావలెనని ఆలస్యము చేయుచున్నారు" అని కోపించుటకు ముందు, వడిగా చేసినవారికి మనము ఏమి మిగిల్చితిమో ఆలోచింపవలెను. పని త్వరగా ముగిసిన రేపటి కూలి పోవునట్లున్నచో త్వరపడుట ఎవరికి లాభము?

హాథార్నులో జరిగిన మఱియొక పని చెప్పదగినది. 1928 మొదలు 1930 వఱకు ఇరువదివేలకు పైగా పనివారిని ఒక్కొక్కరిని పిలిచి వారు చెప్పుకొన్నదంతయు వినిరి. తీర్పు చెప్పకుండ, అడ్డు రాకుండ వినుటయే నియమము. పైకి చెప్పిన ఫిర్యాదు వెనుక మఱియొకటి యుండుట తఱచుగా కనబడెను. ఒక స్త్రీ తన పర్యవేక్షకుని ద్వేషించుచుండెను. మాటలాడుచుండగా ఆమెకే తోచెను, అతడు తాను అసహ్యించుకొను మాఱుతండ్రిని పోలియున్నాడని. ఓపికతో వినువాడుండినచో సగము భారము దిగును. ఇది మన గ్రామపెద్దలకు కొత్త విద్య కాదు. కాని వినుట వేఱు, విన్నట్లు కూర్చుండుట వేఱు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. అహమ్మదాబాదు నేత మిల్లులకు ప్రసిద్ధి కెక్కిన నగరము. తెలంగాణమునుండి పోయిన పద్మశాలి కుటుంబములు అనేకములు అచ్చట స్థిరపడియున్నవి. 1918లో ఆ నగరమున కూలి విషయమై పెద్ద సమ్మె జరిగెను. యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయియు, కార్మికుల పక్షమున ఆయన తోబుట్టువు అనసూయాబెన్ సారాభాయియు నిలచిరి. కార్మికులు నూటికి 35 పెంపు కోరిరి, యజమానులు 20 ఇత్తుమనిరి. మాట తప్పమని కార్మికులు ప్రతిజ్ఞ పట్టిరి. ఆకలిచే వారు సడలుచున్నపుడు గాంధీజీ ఉపవాసమునకు పూనెను. తుదకు తగవు మధ్యవర్తికి పోయి కార్మికులకు 35 లభించెను. వారు పోరాడినది కూలికొఱకే. వారిని నిలబెట్టినది మాత్రము ఇచ్చిన మాట.

అదే నగరమున సారాభాయిల కాలికో మిల్లులో 1953లో మఱియొక విచిత్రము జరిగెను. అచ్చట కొత్తగా స్వయంచాలక మగ్గములు పెట్టిరి. యంత్రములు మంచివే, పనివారు నేర్పరులే. అయినను అనుకొన్నంత గుడ్డ దిగలేదు, చెడు గుడ్డ యెక్కువయ్యెను. లండనులోని టావిస్టాక్ సంస్థనుండి ఏ. కె. రైస్ అను పరిశోధకుడు వచ్చి చూచెను. మగ్గము నడుపువాడొకడు, కండెలు నింపువాడొకడు, తెగిన పోగులు చక్కబెట్టువాడొకడు, నూనె వేయువాడొకడు, గుడ్డ మోయువాడొకడు, ఊడ్చువాడొకడు. ఒక్కొక్కరికి అప్పగించిన మగ్గముల సంఖ్య వేఱువేఱు. అందుచేత ఎవడు ఎవనితో కలిసి పనిచేయుచున్నాడో నిలుకడ లేదు. పోగు తెగినచో అది ఎవరి తప్పో తేలదు. పదిమంది చేతిలో పడిన పాము చావదన్నట్లు, అందఱును పనిచేయుచున్నారు గాని గుడ్డ యెవరిదియు కాదు.

రైస్ చేసిన సూచన చిన్నది. కొన్ని మగ్గముల నన్నిటిని ఒక చిన్న బృందమునకు పూర్తిగా అప్పగించి, లోపలి పనులను వారే పంచుకొనునట్లు చేయరాదా యని. ఈ మాట చెవినిబడిన వెంటనే కార్మికులే దానిని అందిపుచ్చుకొని, ఎవరితో ఎవరు చేరవలెనో తామే నిర్ణయించుకొని బృందములుగా నేర్పడిరి. మొదట కొంత తడబాటు కలిగినను, తరువాత గుడ్డ పెరిగెను, చెడుగు తగ్గెను. ఒకడు వెనుకబడినచో మఱియొకడు తానే చేయందించెను. మనుష్యులు మాఱలేదు, యంత్రములు మాఱలేదు. "ఇది మా పని" అను భావమునకు చోటు దొరకినది, అంతే.

ఆ యేర్పాటు కలకాలము నిలచెనా? 1970లో ఎరిక్ మిల్లర్ అను ఆయన సహచరుడు పోయి చూడగా, ఒకచోట అది చెక్కుచెదరక యుండెను, ఇతరచోట్ల చాలవఱకు పాతదారి పట్టియుండెను. మంచి యేర్పాటు తనంతట తాను నిలువదు. పై ఒత్తిడులు పెరిగినపుడు దానిని కాపాడు పెద్ద యుండవలెను. ఆ మిల్లు మూతపడి ఇప్పటికి చాల యేండ్లైనది. దాని పాఠము మాత్రము మిగిలియున్నది. మన చేనేత యింటివారికి ఇది వింతగా తోచదు. వడకుట, ఆసుపోయుట, పడుగు చేయుట, నేయుట యింటిల్లిపాదియు పంచుకొని, తుదకు చీరను చూచి "మనది" అనుకొనుట వారి వాడుకయే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పనిలో తృప్తిని గూర్చి మాటలాడువారు, తృప్తిపేరుతో కష్టమును సహింపుమని బోధించుట కలదు. అది తప్పు. పోచంపల్లి తెగ చీరకు ఆసుపోయుటలో స్త్రీ యొక చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడింపవలెను. తల్లి లక్ష్మి చేయినొప్పితో బాధపడుట చూచి, పాత నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతమువాడగు చింతకింది మల్లేశము, చదువు చిన్నతనముననే మానినవాడు, ఏండ్లకొలది శ్రమించి 1999లో ఆసుయంత్రమును తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. "ఈ పని ఇంతే" అనుటయు ఒక వైఖరియే. "ఈ పనిని మార్చవచ్చును" అనుటయు ఒక వైఖరియే. రెండవదానిలో తల్లిపై ప్రేమయును వృత్తిపై గౌరవమును రెండును నిలచినవి.

కూలి విషయమున ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1959లో చెప్పినమాట ప్రసిద్ధమైనది. పిట్స్‌బర్గ్ ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, లెక్కలవారిని "మీకు పనిలో మిక్కిలి సంతోషము కలిగిన దెప్పుడు, మిక్కిలి బాధ కలిగిన దెప్పుడు?" అని ఆయన బృందము అడిగెను. సంతోషమునకు వారు చెప్పిన కారణములు: పని సాధించుట, గుర్తింపు, పనియందలి రుచి, బాధ్యత, ఎదుగుదల. బాధకు చెప్పినవి: అర్థములేని నియమములు, పైవాని తీరు, జీతము, పనిచోటి యసౌకర్యములు. అనగా జీతము చాలకున్న బాధ కలుగును. జీతము చాలినంతమాత్రమున సంతోషము కలుగదు. మనుష్యులు మంచిని తమ గొప్పగాను, చెడును ఇతరుల తప్పుగాను చెప్పుదురు గదా, ఈ లెక్క నెట్లు నమ్మవలె నని విమర్శకులడిగిరి. ఆ విమర్శ సరియైనదే. అయినను మొదట బాధ తీర్చవలెననుట లోకానుభవమునకు సరిపోవుచున్నది. కోటివిద్యలు కూటికొఱకే యని మనవారు ఊరక అనలేదు. జీతము బత్తెము లేకుండ తోడేలు మేకలను కాచెదనన్నదట. కూలి అడుగనివానిని నమ్మరాదు, కూలి ఈయక సేవాధర్మమును బోధించువానిని అసలే నమ్మరాదు.

ఆకలి తీరిన పిమ్మట పనిని చూచు చూపులు మూడు విధములని ఆమీ వ్రెజ్నీవ్స్కీయు ఆమె సహచరులును 1997లో వివరించిరి. ఒకనికి పని బ్రదుకుతెరువు మాత్రమే. ఒకనికి అది మెట్లెక్కు నిచ్చెన. మఱియొకనికి ఆ పనియే తన జీవితమునకు అర్థము. ఒకే తరగతి గుమాస్తాపని చేయువారిలో గూడ ఈ మూడు రకములవారును ఉండిరి. పనినిబట్టి కాక, చూచువానినిబట్టి ఇది యేర్పడుననుటకు ఇదియే నిదర్శనము. ఆమెయు జేన్ డటన్ అను పండితురాలును 2001లో ఆస్పత్రిలో ఊడ్చి తుడుచు పనివారిని గూర్చి వ్రాసిరి. కొందఱు పట్టికలోని పని మాత్రమే చేసి, ఎవరితోను మాటలాడక పోవుచుండిరి. కొందఱు రోగులను పలుకరించుచు, నర్సులకు అడ్డము రాకుండ తమ పనివేళలను సర్దుకొనుచు, రోగి కోలుకొనుటలో తామును భాగస్థులమని భావించిరి. రెండవవారికే పని యిష్టముగా నుండెను.

ఇచ్చటను జాగ్రత్త కావలెను. మనుష్యుడు తానుగా తన పనిలో అర్థమును చూచికొనవచ్చును. ఇతరులు వానిమీద దానిని రుద్దరాదు. పుట్టుకనుబట్టి ఒకనికి చీపురును, ఒకనికి కలమును కట్టి, "ఇదియే నీ ధర్మము, ఇందులోనే తృప్తిపడుము" అని చెప్పుట తృప్తి కాదు, సంకెల. చేతులతో మలమును ఎత్తించుటను మన ప్రభుత్వము 1993లో ఒక చట్టముచేతను, 2013లో మఱింత గట్టి చట్టముచేతను నిషేధించినది. అట్టి పనిని పవిత్రమని పొగడుట పనివానికి గౌరవము కాదు. దానినుండి వానిని తప్పించుటయే గౌరవము.

తృప్తి కలిగిన పనివాడు ఎక్కువ పని చేయునా యని మీరడుగవచ్చును. 2001లో నలుగురు పరిశోధకులు, 54,000 మందికి పైగా పనివారిని గూర్చి అంతవఱకు జరిగిన పరిశోధనలను కలిపి చూచిరి. సంబంధము కలదు గాని అది మధ్యరకపు సంబంధమని తేలెను. ఆలోచనతో కూడిన కష్టమైన పనులలో ఆ సంబంధము మఱికొంత బలముగా నున్నది. తృప్తి లేనివాడు పని మాని పోవుటకు దారి చూచుకొనుట మాత్రము తఱచుగా కనబడును. కావున తృప్తిని ఉత్పత్తి పెంచు మందుగా వాడబోయినవాడు నిరాశపడును. పనివాడు మనతో నిలువవలెనని కోరువానికి అది తప్పక కావలసినదే.

ఇంతవఱకు చెప్పిన దానినుండి పల్లెలలో ఆచరింపదగినవి కొన్ని కలవు. కూలి చెప్పిన దినముననే, చెప్పినంత ఈయవలెను. ఇది లేనిచో తక్కినవి నిష్ఫలము. సాధ్యమైనచోట పనిని తుంచి తుంచి కాక, ఒక మడినో ఒక తోటనో మొదలునుండి చివఱవఱకు ఒక బృందమునకు అప్పగింపవలెను. ముఠాలో ఎవరుండవలెనో వారినే నిర్ణయించుకొననీయవలెను. అయితే గుత్తపనిలో తొందరచేత నాటు పలుచబడకుండ ముందుగానే మాట చేసికొనవలెను. బాగుగా చేసినదానిని నలుగురిలో చెప్పవలెను, తప్పును ఒంటరిగా చెప్పవలెను. కొత్త యంత్రముగాని కొత్త పద్ధతిగాని తెచ్చుటకు ముందు పనివారిని అడుగవలెను. భయమును తీర్చకుండ లెక్కలు చూపి లాభము లేదు.

పిల్లల యుద్యోగముల విషయమున పెద్దల బాధ్యత ఇంకను ఎక్కువ. ఎక్కువ జీతమున్న ఉద్యోగమును వదలి ఊరికి మఱలివచ్చిన కుమారుని చూచి "పిచ్చివాడు" అందుము. రాత్రులు మేల్కొని పట్టణమున పనిచేయుచు పండుగకు రాలేకపోయిన కుమార్తెను చూచి "డబ్బుమనిషి" అందుము. ఇద్దఱిలో ఎవరిని నిందించుటకు ముందైనను, వారి విలువల వరుస ఏమో అడిగి తెలిసికొనుడు. మొదటివానికి స్వేచ్ఛ పైనున్నదేమో. రెండవదానికి తలిదండ్రుల అప్పు తీర్చుట పైనున్నదేమో. తన వరుసకు సరిపడు పనిలో నున్నవాడు కష్టపడినను నిలుచును. సరిపడని పనిలో నున్నవాడు సుఖపడుచున్నను లోలోన కుములును. "ఎంత వచ్చును?" అని ఒక్కమాటయే అడుగు పెద్దలకు పిల్లలు ఆ యొక్కమాటకే సమాధానము చెప్పుదురు. "ఆ పనిలో నీకు నచ్చిన దేమి, నచ్చని దేమి?" అని కూడ అడుగుడు. అడిగి, హాథార్నులో వినినట్లు, అడ్డు రాకుండ వినుడు.

పనివాని బుద్ధియే అంతయు ననుట సగము నిజమని మొదట చెప్పితిని. ఆ బుద్ధికి చోటిచ్చు కూలి, మర్యాద, పని యేర్పాటు మిగిలిన సగము. మొదటి సగము వాని చేతిలో నున్నది. రెండవ సగములో చాలభాగము పని చేయించువారి చేతిలోను, ఊరి పెద్దల చేతిలోను ఉన్నది.